పాల్వంచలో లోకల్ ఎవరు?

2024 ఆగస్టు 5 పొద్దున నా ఫోన్‌లో ఎవరి స్టేటస్ చూసినా ఒకటే వీడియో. పాత కేటీపీఎస్ కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని పేలుడు మందు పెట్టి కూల్చేసిన వీడియో. కొన్ని సెకన్లు, అంతే. నడుము విరిగినట్టు వంగి, దుమ్ములో కూర్చుండిపోయాయి. కింద కామెంట్లు: "మా బాల్యం కూలిపోయింది", "పాల్వంచ గుర్తు పోయింది", "కన్నీళ్ళు ఆగట్లేదు". నేనూ ఆ టవర్లను చూస్తూ పెరిగినోణ్ణే. బడికి పోయేటప్పుడు వాటి పొగ ఎటు పోతుందో చూసి గాలి ఎటుందో చెప్పుకునేవాళ్ళం. నాకూ ఏదో అనిపించింది, అబద్ధం చెప్పను.

మా నాయనకు వీడియో చూపించిన. రెండుసార్లు చూశాడు. మూడోసారి పెట్టబోతే ఫోన్ పక్కకు నెట్టి ఒకే మాట అడిగాడు. "ఇప్పుడు ఆ జాగా ఎవరిదిరా?"

ఈ మాట ఆ రోజు ఏ పేపర్లో రాలేదు, ఏ టీవీలో రాలేదు. ఏ పార్టీ నాయకుడూ అడగలేదు. టవర్ల ఎత్తెంత, మందెంత, ఎన్ని సెకన్లలో పడ్డాయి అన్నీ చెప్పారు. తుక్కు లెక్క కూడా చెప్పారు. జాగా లెక్క చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్న. కొంచెం పెద్దగా ఉంటది, ఓపికగా చదవండి.

పాల్వంచ అంటే బయటోళ్ళకు ఏం తెలుసు? భద్రాచలం పోయే దారిలో బస్సు ఆగే ఊరు. పెద్దమ్మ తల్లి గుడి దగ్గర కారు ఆపి కొబ్బరికాయ కొట్టే ఊరు. ఆ కరెంటు ఫ్యాక్టరీ కూడా ఈ ఊరి పేరు మీద లేదు, చూశారా. ఉన్నది పాల్వంచలో, పేరేమో కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్. బొగ్గు సింగరేణిది, పేరు కొత్తగూడెంది, వెలుగు హైదరాబాద్‌ది, బూడిద మాది. పాల్వంచను కొత్తగూడెం పక్కన ఒక శివారు లాగానే చూశారు మొదటి నుంచి. 2025లో కార్పొరేషన్ పేరుతో దాన్ని కాగితం మీద కూడా కొత్తగూడెంలో కలిపేశారు.

కాని అంతకు ముందు ఇది సంస్థానం. పాల్వంచ సంస్థానం అంటే గోదావరి దాకా కోయ గూడేలు, అడవి, వాగులు. రాజులు, జమీందార్లు శిస్తు వసూలు చేసుకున్నా, భూమి పండుగ చేసి విత్తనం చల్లిందీ అడవిని కాపాడిందీ కోయోళ్ళే. బ్రిటిషోళ్ళ కాలంలో 1871లో కింగ్ అనే దొర ఇల్లెందు వైపు బొగ్గు చూశాడు. ఆ బొగ్గు మీద సింగరేణి పుట్టింది, కొత్తగూడెం పెరిగింది. బొగ్గున్నకాడ కరెంటు తయారు చేస్తే ఖర్చు తక్కువ అని లెక్క వేశారు. నీళ్ళకు కిన్నెరసాని దొరికింది. బొగ్గు, నీళ్ళు, కావాల్సినంత చదును జాగా. అడ్డం చెప్పేటోడు లేడు. 1966లో మొదటి యూనిట్ తిరిగింది. తర్వాత ఒకటొకటే కలుపుతూ పాత ప్లాంటు 720 మెగావాట్లకు పోయింది.

కిన్నెరసాని అనగానే తెలుగు చదువుకున్నోళ్ళకు విశ్వనాథ సత్యనారాయణ 'కిన్నెరసాని పాటలు' గుర్తొస్తాయి. మా డిగ్రీ తెలుగు సారు ఆ పేరు చెప్పి కళ్ళు మూసుకునేవాడు. నేను వెనక బెంచీలో కూర్చొని అనుకునేవాణ్ణి, సార్, ఆ వాగు ఇప్పుడు ప్లాంటుకు నీళ్ళ పైపు. ఆనకట్ట కట్టారు, అడవి మునిగింది. మిగిలిన అడవిని 1977లో అభయారణ్యం అన్నారు. అంటే ఏంది? ఇప్పపువ్వు ఏరబోతే గార్డును చూసి దాక్కోవాలి, వెదురు కొట్టబోతే కేసు. జింకలకు పార్కు, టూరిస్టులకు పడవ, పెద్ద సార్లకు అద్దాల మేడ. మాకు మాత్రం 'లోపలికి ప్రవేశం లేదు' బోర్డు. ఒకే వాగు, ఫ్యాక్టరీకి తీసుకునేటప్పుడు అది 'వనరు' అయింది, మేం దిగితే 'ఆక్రమణ' అయింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా.

గ్రూప్స్ కోచింగ్ తీసుకున్న తమ్ముళ్ళందరికీ ఈ బిట్ తెలుసు: 1969 తెలంగాణ ఉద్యమం ఎక్కడ రాజుకుంది? జవాబు పాల్వంచ. కేటీపీఎస్‌లో ముల్కీ నిబంధనలు తొక్కిపెట్టి బయటి ప్రాంతపోళ్ళకు ఉద్యోగాలిచ్చారని ఇక్కడ గొడవ లేచింది. జనవరిలో ఖమ్మంలో రవీంద్రనాథ్ అనే విద్యార్థి నిరాహార దీక్షకు కూర్చున్నాడు. హైదరాబాద్ దాకా అంటుకుంది. ప్రభుత్వం దిగొచ్చి జనవరి 21న జీవో 36 ఇచ్చింది, గైర్ ముల్కీలను వెనక్కి పంపుతామని. ఇదంతా నిజం. ఆ పోరాటం న్యాయమైందే, నాకేం అనుమానం లేదు. స్థానికుడి ఉద్యోగం స్థానికుడికే కావాలనడంలో తప్పేముంది?

కాని ఆ మాటను దాని చివరిదాకా ఎవడూ తీసుకుపోలేదు. నిజాం కాలపు ముల్కీ నిబంధన ప్రకారం 15 ఏళ్ళు ఈ రాజ్యంలో ఉన్నోడు ముల్కీ. 15 ఏళ్ళు! మరి ఆ టవర్ల పునాది తవ్విన జాగాలో తరతరాలుగా దున్నుకున్న కోయోడు ఏమైతాడు? కోస్తా నుంచి వచ్చిన గుమాస్తా ఒక పక్క, వరంగల్ నుంచి వచ్చిన గుమాస్తా ఇంకో పక్క నిలబడి ఉద్యోగం నాదంటే నాదని కొట్లాడుకుంటుంటే, మా తాత ఆ ఇద్దరికీ మధ్యలో తట్ట మోస్తున్నాడు. పునాది మట్టి తట్ట. ఆయన్ను ఎవరూ నువ్వు ముల్కీవా అని అడగలేదు. ఆయన కూలి చీటీ మీద వేలిముద్ర మాత్రం అడిగారు.

నేను ఉద్యమ చరిత్ర పుస్తకాలు నాలుగైదు చదివిన. పాల్వంచ పేరు అన్నిట్లో ఉంది. ఆ పేరు పక్కన కోయ అనే మాట వెతికి వెతికి అలసిపోయిన. తెలంగాణ వచ్చింది, అమరుల స్తూపాలు వచ్చాయి. 'ఉద్యమాల పురిటిగడ్డ' అని ఫ్లెక్సీలు కట్టారు. పురుడు పోసుకున్న ఇల్లు ఎవరిదో అడిగే దిక్కు లేదు.

ఇంకో ముచ్చట. 1969 జనవరి గొడవకు సరిగ్గా ఏడాది తర్వాత, 1970 ఫిబ్రవరిలో వచ్చింది మన 1/70. ఏజెన్సీ భూమి గిరిజనేతరుడి చేతికి పోవద్దని, పోయిన భూమి ఆదివాసీదే అని ముందుగా అనుకొని విచారణ చేయాలని చెప్పిన చట్టం. ఉద్యోగంలో స్థానికత గురించి గొడవ జరిగితే అది మహోద్యమం. భూమిలో స్థానికత గురించి చట్టం వస్తే అది 'అభివృద్ధికి అడ్డం'. ఇదే పాల్వంచలో, ఇవే నోళ్ళు రెండు మాటలూ అన్నాయి. ఇప్పటికీ అంటున్నాయి.

1/70 పాల్వంచలో ఎట్లా బతుకుతుందో చూడాలంటే మెయిన్ రోడ్డు మీద ఒక అరగంట నడవండి. నాలుగంతస్తుల బిల్డింగులు, షోరూములు, లాడ్జీలు, ఫంక్షన్ హాళ్ళు. వాటి కాగితాలు అడిగితే నోటరీ, తెల్ల కాగితం, లేదంటే ఎవరో ఒక గిరిజనుడి పేరు. మున్సిపాలిటీ ఇంటి నంబరు ఇస్తది, కరెంటోళ్ళు మీటరు ఇస్తారు. పదేళ్ళు పన్ను కట్టిన రశీదులే కోర్టులో 'రుజువు' అయి కూర్చుంటాయి. ఎల్టీఆర్ కేసు వేసిన కోయోడు మాత్రం వాయిదాలకు తిరిగీ తిరిగీ బస్సు చార్జీలకు మేకను అమ్ముకుంటాడు.

ఇక్కడ మనోళ్ళను కూడా ఒక మాట అనాలి, కోపం వస్తే రానీయండి. పేరు అరువిచ్చిన గిరిజనుడు ఎవడు? మన చుట్టమే. సంవత్సరానికి కొంత డబ్బు, పండుగకు ఒక జత బట్టలు తీసుకొని తన పేరు మీద ఇంకొకడి బిల్డింగు నిలబెట్టినోడు మన సభల్లో ముందు వరసలో కూర్చొని జల్ జంగల్ జమీన్ అని అరుస్తాడు. బినామీ ఇచ్చినోణ్ణి తిట్టకుండా బినామీ తీసుకున్నోణ్ణి తిడితే సగం పనే అయితది.

చట్టం ఇంత పలచగా ఎందుకైందో తెలియాలంటే 1950కి పోవాలి. ఆ ఏడు షెడ్యూల్డ్ ప్రాంతాల జాబితా రాశారు. పాల్వంచ తాలూకా ఊళ్ళన్నీ షెడ్యూల్డ్ ప్రాంతం అన్నారు, కాని పాల్వంచ, బూర్గంపాడు, అశ్వారావుపేట, దమ్మపేట లాంటి కొన్ని ఊళ్ళను తప్పించారు. అదే జాబితాలో పాల్వంచ సంస్థానాన్ని మళ్ళీ చేర్చారు. ఇల్లెందు తాలూకాకు కూడా అదే వాటం, ఇల్లెందు, సింగరేణి ఊళ్ళు, కొత్తగూడెం పట్నం మినహా. ఒక్కసారి ఆ మినహాయింపుల పేర్లు చదవండి. బొగ్గున్నకాడ, బజారున్నకాడ, కచేరీ ఉన్నకాడ గీత పక్కకు వంగింది. రాళ్ళూ రప్పలూ జ్వరాలూ ఉన్నకాడ గీత చక్కగా మా మీదుగా పోయింది. పాల్వంచ ఊరు ఒక లైన్లో బయట, పాల్వంచ సంస్థానం పక్క లైన్లో లోపల. ఈ రెండు లైన్ల సందులో డెబ్బై ఏళ్ళుగా రియల్ ఎస్టేట్ కాపురం చేస్తోంది.

ఈ సందు వల్లనే ఇంకో వింత. రాజ్యాంగంలో 243 జడ్‌సీ ప్రకారం మున్సిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు నేరుగా వర్తించదు. పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయాలి. 2001లో ఒక బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. అయినా పాల్వంచను మున్సిపాలిటీ అన్నారు, మణుగూరునూ అన్నారు. చట్టం చిక్కులని చెప్పి దశాబ్దాల తరబడి ఎన్నికలు లేవు. కౌన్సిల్ లేదు, ఆఫీసర్ల రాజ్యం. ఇదే ఊరు పంచాయతీగా ఉంటే ఏమయ్యేది? 1996 పెసా చట్టం కింద గ్రామసభ ఉండేది, సర్పంచ్ కుర్చీ ఆదివాసీదే అయ్యేది, భూమి తీసుకునే ముందు గ్రామసభను అడగాల్సి వచ్చేది. మున్సిపాలిటీ అనే ఒక్క బోర్డుతో అవన్నీ పోయాయి. మీ ఊరు ఎదిగింది, సంతోషించండి అన్నారు.

ఎదిగింది నిజమే. 1970ల్లో నవభారత్ ఫెర్రో అల్లాయ్స్ వచ్చింది. 1980లో స్పాంజ్ ఐరన్ వచ్చింది. బొగ్గుతో నడిచే స్పాంజ్ ఐరన్ కర్మాగారం దేశంలో అదే మొదటిదట, విదేశాల నుంచి కూడా వచ్చి చూసి పోయేవాళ్ళట. క్వార్టర్లు వచ్చాయి, కాలనీలు వచ్చాయి. కాలనీ అంటే మామూలు సంగతి కాదు. బడి, ఆస్పత్రి, పార్కు, క్లబ్బు, రాత్రంతా వీధి దీపాలు. మా గూడెం నుంచి ఆ దీపాలు వరసగా కనపడేవి. మా గూడేనికి కరెంటు స్తంభం వచ్చింది మా అమ్మ కాపురానికి వచ్చాక. తీగలు మాత్రం అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచే మా చేల మీదుగా పోతున్నాయి. పైన ఎటో పోతున్న కరెంటు, కింద కిరసనాయిలు బుడ్డి. దీని మీద ఎవరూ పాట కట్టలేదెందుకో.

ఆ స్పాంజ్ ఐరన్ 2010లో ఎన్‌ఎండీసీలో కలిసింది, తర్వాత ఉత్పత్తి ఆగిపోయింది. పాత కేటీపీఎస్ 2020 నాటికి మూతపడింది. కొత్త యూనిట్లు నడుస్తున్నాయి, 2018లో వచ్చిన ఏడో దశ ఒక్కటే 800 మెగావాట్లు. మెగావాట్లు పెరిగాయి, మనుషులు తగ్గారు. పాత ప్లాంటులో వందలమంది చేతులతో చేసిన పని ఇప్పుడు ఏసీ గదిలో కొద్దిమంది తెరల ముందు కూర్చొని చేస్తారు. కాలనీ క్వార్టర్ల కిటికీల్లో రావి మొక్కలు మొలిచాయి. రిటైరైనోళ్ళు హైదరాబాద్ పోయారు, కొందరు ఇక్కడే ప్లాట్లు కొనుక్కున్నారు. కొనుక్కున్నారు అనే మాటకు పైన చెప్పిన అర్థమే.

మరి ఊళ్ళో మిగిలిందేంది? బూడిద. బూడిద ఇప్పుడు సరుకు. ఇటుకలకు, సిమెంటుకు, రోడ్లకు పోతది. లారీలు, లోడింగు, కాంట్రాక్టు. ఎండాకాలం గాలి లేస్తే కంచంలో అన్నం మీద సన్నటి పొర పడతది. పత్తి మీద పడితే రేటు తగ్గిస్తారు. వానాకాలం బూడిద చెరువుల నీళ్ళు వాగుల్లో పడతాయి. ఆ వాగుల్లోనే మా పశువులు తాగుతాయి. బూడిదకు కూడా కాంట్రాక్టరు ఉన్నాడు, అతని కింద సబ్ కాంట్రాక్టరు ఉన్నాడు. అతని కింద పార పట్టుకొని మనోడు ఉన్నాడు.

డిగ్రీ అయిపోయాక నేనూ ఒక కాంట్రాక్టు ఆఫీసుకు పోయిన, గేట్ పాస్ పని కోసం. లోకల్ వాళ్ళకే ప్రాధాన్యం అని వాట్సాప్‌లో వచ్చింది. టేబుల్ వెనక కూర్చున్నాయన అడిగాడు.

"ఎక్కడి అబ్బాయివి?"

"ఇక్కడే సార్, లోకల్."

"లోకల్ అంటే ఏ కాలనీ?"

"కాలనీ కాదు సార్, గూడెం."

"అట్లనా. మీ నాన్న ఏం చేస్తాడు, మన ప్లాంటేనా?"

"వ్యవసాయం సార్."

"మరి లోకల్ అంటావేంది? ఎంప్లాయీస్ పిల్లలకు బాబూ ఇది."

ఆయన మంచాయనే. తిట్టలేదు, చాయ్ కూడా తాగిపొమ్మన్నాడు. ఆయన బుర్రలో లోకల్ అంటే ఫ్యాక్టరీతో పాటు వచ్చినోళ్ళ పిల్లలు. ఫ్యాక్టరీ కంటే ముందున్నోళ్ళకు ఆయన దగ్గర మాట లేదు. 1969లో లేని మాట ఇప్పుడు మాత్రం ఎక్కడి నుంచి వస్తది? టీచర్ పోస్టుల్లో షెడ్యూల్డ్ ప్రాంతపు ఆదివాసీలకు నూరు శాతం ఇచ్చిన జీవో 3 ఉండేది, 2000లో వచ్చింది. దాన్ని 2020 ఏప్రిల్లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మనకంటూ ఉన్న ఒక్క 'లోకల్' కూడా పోయింది.

ఇట్లా అంటే కొంతమంది మిత్రులు, అందులో మన మద్దతుదారులు కూడా, అడుగుతారు: మరి కరెంటు వద్దా? నువ్వు ఫోన్ చార్జింగ్ దేనితో పెడుతున్నావ్? వద్దని ఎవరన్నారు. కరెంటు కావాలి, ముందు మాకు కావాలి. నా ప్రశ్న లెక్క గురించి. 1997 జులైలో సమత తీర్పులో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతర 'వ్యక్తే', గనుల కోసం ప్రైవేటోళ్ళకు లీజు ఇవ్వడానికి లేదు అంది. లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి పెట్టాలని కూడా అంది. అది గనుల కేసు, థర్మల్‌కు సూటిగా తగలదు, వకీలు మిత్రులు గుర్తు చేయక ముందే ఒప్పుకుంటున్నా. కాని ఆ న్యాయం వెనకున్న బుద్ధి బొగ్గు గనికొకటి, ఆ బొగ్గును కాల్చే పొయ్యికొకటి ఉండదు కదా.

ఇంకొందరు అంటారు, పోయిన జాగా తిరిగొచ్చేది కాదు, వేరే మాట్లాడు అని. లోహండిగూడ గుర్తు చేస్తా. మన పక్కనే, బస్తర్. టాటా స్టీల్ కోసం 10 ఊళ్ళ భూమి తీసుకున్నారు, ఫ్యాక్టరీ రాలేదు. 2019లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ భూమిని ఆదివాసీ రైతులకు తిరిగిచ్చింది. అక్కడ ఫ్యాక్టరీ కట్టలేదు, ఇక్కడ కట్టి యాభై ఏళ్ళు నడిపి కూల్చారు. తేడా ఉంది. కాని భూమి వెనక్కి రావడం అనేది జరగనే జరగదని మాత్రం ఎవరూ చెప్పొద్దు.

భయం ఏందంటే, ఈ ఖాళీ జాగా మీద ఇప్పటికే కళ్ళు పడ్డాయి. టవర్లు పడ్డ వారానికే చాయ్ కొట్ల దగ్గర ముచ్చట్లు మొదలు. సోలార్ అంటాడొకడు, ఇంకో యూనిట్ అంటాడొకడు, ఇండస్ట్రియల్ పార్కు అంటాడు ఇంకొకడు. ఏది వచ్చినా ముందుగా వచ్చే మాట మాత్రం 'స్థానిక యువతకు ఉపాధి'. 2014 విభజన చట్టంలో బయ్యారం ఉక్కు గురించి రాసినప్పుడు కూడా ఆ మాటే విన్నాం. మణుగూరు దగ్గర 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కట్టినప్పుడూ ఆ మాటే. ఆ పదం వినపడ్డ ప్రతిసారీ మనం అడగాల్సింది, స్థానికుడు అంటే ఎవడో కాగితం మీద రాయండి అని.

పక్కనుంచి ఒక మాట. ఛత్తీస్‌గఢ్ నుంచి సల్వా జుడుం కాలంలో పారిపోయి మన అడవుల్లో గుడిసెలేసుకున్న గొత్తికోయలను మనలో కొందరు పిల్లలు 'నాన్ లోకల్' అంటున్నారు. నా చెవులతో విన్న. ఆ కాంట్రాక్టు ఆఫీసు సారు నన్ను అన్న మాట, మనం వాళ్ళను అంటున్నాం. దీని మీద ఇంకోసారి వివరంగా రాస్తా.

ఇప్పుడు పని. మన దగ్గర ఏడుపు చాలా ఉంది, కాగితం తక్కువ. పాల్వంచ మండలంలో, చుట్టుపక్కల గూడేల్లో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ నెలలోనే మూడు పనులు చేయాలి. ఇంట్లో ముసలోళ్ళను కూర్చోబెట్టి ప్లాంటు రాకముందు, కిన్నెరసాని కట్ట రాకముందు మన చేను ఎక్కడుండేది, వేల్పుగుడి ఎక్కడుండేది, వాగు ఏ పేరుతో పిలిచేవాళ్ళు అని అడిగి ఫోన్లో రికార్డు చేయండి. మా తాత పోయాడు, నేను అడగలేదు, ఆ తప్పు మీరు చేయొద్దు. తహసీల్దార్ ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ నకలుకు దరఖాస్తు పెట్టండి. సర్వే నంబరు తెలియకపోతే ఊరి పేరు, తాత పేరుతో పెట్టండి, లేదంటే రాతలో లేదని రాసివ్వమనండి. మూడోది సమాచార హక్కు. పాత ప్లాంటు కోసం ఎన్ని ఎకరాలు తీసుకున్నారు, ఎవరి దగ్గర, ఎంతిచ్చి, ఇప్పుడు ఎంత ఖాళీగా ఉంది. పర్మినెంటు, ఆర్టిజన్, కాంట్రాక్టు కలిపి ఎంతమంది ఆదివాసీలు పనిచేస్తున్నారు, ఏ ఊళ్ళోళ్ళు.

దరఖాస్తు నమూనా నేను తెలుగులో రాసి పెట్టిన, కావాలన్నోళ్ళు మెసేజ్ చేయండి. పది రూపాయల ఫీజు, అంతే. మా నాయన దరఖాస్తు నిన్ననే ఇచ్చొచ్చిన. రశీదు మీద విషయం అన్నకాడ ఏం రాయాలి అని క్లర్కు అడిగితే, మా నాయన మళ్ళీ అదే అన్నాడు: "ఆ జాగా ఎవరిది అని రాయి సారూ."